పదకొండింటికల్లా మంచి గాలి

ఆ రోజు పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయన పనికి వెళ్లగానే పాపకు స్నానం చేయించాలి. గది తుడవాలి. పదకొండింటికి నర్సమ్మ వచ్చేసరికి నవ్వుమొహంతో తలుపు తీయాలి. అంతే, మూడే మూడు పనులు. ఇస్త్రీ బాబాయి బకెట్టు పట్టుకుని మెట్లన్నీ దూకుతూ రావడమన్నది ఆ పథకంలో ఎక్కడా లేదు.

పుట్టింట్లో ఆమెను కంగారమ్మ అనేవారు. ఆ పేరు ఎవరూ చేరవేయకుండానే అత్తింటివాళ్లకూ వారంలో తెలిసిపోయింది. పాప తుమ్మితే జలుబేమోనని భయం. తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని భయం. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగింది. సరిగ్గా చెప్పాలంటే సైన్సు పుస్తకంలో గాలి పాఠం అయిపోయి, ఆమ్లాలు, క్షారాలు మొదలయ్యే ముందు ఆగింది. ఆ మిగిలిన పాఠంతో తనకేం పని పడుతుందిలే అని ఇన్నాళ్లూ అనుకుంది.

నర్సమ్మది వీధి చివర ఇల్లు. సోమవారం నుంచి ఆసుపత్రిలో పగటి డ్యూటీ. ఎనిమిది నెలల కొడుకును సాయంత్రం దాకా చూసుకునే మనిషి కావాలి. కంగారమ్మకు పది నెలల కూతురు ఎలాగూ ఉంది. ఒకరి వెనక పాకే మనిషి ఇద్దరి వెనక పాకలేదా? బడిలో క్లాసు లీడరును చేస్తామన్న వారంలోనే బడి మాన్పించేశారు. ఆ తర్వాత ఆమెను నమ్మి ఎవరూ ఏదీ అప్పగించింది లేదు. ఇప్పుడు అప్పగిస్తామంటున్నది ఏకంగా ఒక ప్రాణాన్ని. ఆ ఊహకే రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

నర్సమ్మ ఫోన్లో చెప్పింది తక్కువే. "మా వాడు పడుకునే గది చూడాలమ్మా. గాలి బాగుండాలి. వాసనకి తట్టుకోలేక ఇప్పటికే రెండిళ్లు వద్దనుకున్నా."

ఆ ఫోను పెట్టేసిన క్షణం నుంచీ ఇంట్లో వాసన మొదలైంది. పాలు విరిగినట్టు, పుల్లగా. మంచం దగ్గర ముక్కు పెడితే అక్కడుంది. వంటగదిలోకి వెళ్తే అక్కడికీ వచ్చింది. బీరువా వెనక తల దూర్చి చూస్తే అక్కడ ముందే కూర్చుని ఉంది. దుప్పట్లు ఉతికింది. గుమ్మానికున్న కర్టెను ఉతికింది. పాప గుడ్డకుందేలును ఉతికి, చెవులకు క్లిప్పులు పెట్టి తీగకు వేలాడదీసింది. పాప కక్కితే తుడవడానికి ఎడమ భుజాన వేసుకునే గుడ్డను సర్దుకుని, మళ్లీ మొదటి మూల నుంచి వాసన చూసుకుంటూ వచ్చింది. మూడు రోజులుగా ఇదే పని.

"ఏవండీ, నిజం చెప్పండి. వాసన వస్తోందా?"

ఆయన ప్లంబరు. రెంచీ సంచిలో వేసుకుంటున్నవాడు ఆగి, భార్య తృప్తి కోసం గుండెల నిండా ఊపిరి పీల్చాడు. "ఏం రావట్లేదే. కమ్మగానే ఉంది."

రోజంతా మురుగు పైపుల్లో తలపెట్టే మనిషి ముక్కు సాక్ష్యం చెల్లదని ఆమె అక్కడికక్కడే తీర్పిచ్చేసింది.

"పోనీ ఆ కిటికీ తెరవరాదూ?" అన్నాడు.

"పాపకి చల్లగాలి తగలదూ? అయినా అదెక్కడ తెరుచుకుంటుంది?"

అది నిజమే. పోయినేడాది ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ రంగు వేయించినప్పుడు రెక్కల్నీ చట్రాన్నీ కలిపి పూసేశారు. అప్పటినుంచీ అది కిటికీ ఆకారంలో ఉన్న గోడ. గాలీ చలీ రాకుండా ఉన్నందుకు ఆమె లోలోపల ఆ రంగువాళ్లకు దణ్ణం కూడా పెట్టుకుంది.

ఆయన వెళ్లాక ఫోన్లో ఒక వీడియో దొరికింది. 'చిన్న గదుల్లో గాలిని సహజంగా తాజాగా ఉంచే అయిదు మార్గాలు.' చెబుతున్నావిడ నిలబడ్డ చిన్న గదిలో వీళ్లిల్లు మెట్లతో సహా పట్టేస్తుంది. ఒకటి, గుడ్డసంచిలో బొగ్గులు. రెండు, గిన్నెలో వెనిగర్. మూడు, పళ్లెంలో వంట సోడా. నాలుగు, నిమ్మతొక్కలూ లవంగాలూ వేసి మరిగించిన నీళ్లు. అయిదోది చెప్పేలోగా పాప ఫోను లాక్కుని నోట్లో పెట్టుకుంది, వీడియో ఆగిపోయింది. వీటిలో ఏదో ఒకటి చాలునని వీడియో ఆవిడ అంది. కంగారమ్మ జీవితంలో ఏదీ ఒకటితో సరిపెట్టుకోలేదు.

ఇంట్లో ఉన్నవి రెండు నిమ్మకాయలు మాత్రమే. పాపను చంకనేసుకుని కిందికి దిగింది. మెట్ల పక్కన, సరిగ్గా ఆమె కిటికీ కింద, ఇస్త్రీ బాబాయి బల్ల.

"బాబాయ్, నాలుగు బొగ్గులు ఇస్తావా?"

"బొగ్గులెందుకు తల్లీ? గ్యాస్ అయిపోయిందా?"

మా ఇల్లు కంపు కొడుతోంది బాబాయ్ అని ఏ ఇల్లాలు చెప్పుకుంటుంది? పైగా ఎదుటివాళ్లు ఏదైనా ఊహిస్తే కాదనడం ఆమెకు చేతకాదు. "ఆఁ, అదే" అంది.

ఇస్త్రీ బాబాయి బొగ్గులు ఇచ్చాడుగానీ, ఆమె మెట్లెక్కుతుంటే పెట్టె పక్కన పెట్టి అటే చూస్తూ నిలబడ్డాడు.

పై అంతస్తులో ఇంటావిడ తలుపు తీసింది. "లవంగాలా? పన్ను నొప్పా అమ్మాయ్?"

"ఆఁ, అదే పిన్నిగారూ. కాస్త వెనిగర్ కూడా..."

ఇంటావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "తల్లో పేలా? వెనిగర్ రాయడానికా?"

"ఆఁ..." అంటూనే ఆమె నాలుక కరుచుకుంది. మాట బయటికి వెళ్లిపోయింది. "వంట సోడా ఉంటే కొంచెం..."

"అరగడం కూడా లేదన్నమాట" అంటూ ఇంటావిడ అన్నీ తెచ్చి, అందించకుండా గుమ్మం మీద పెట్టి, తన తల గోక్కుంది.

తిరిగి గదిలోకి వచ్చేసరికి పదింపావు. గది పొడుగు పదడుగులు, వెడల్పు ఎనిమిది. ఆయన మేజోట్లలో ఒకదాంట్లో బొగ్గులు పోసి ముడేసి కిటికీ చువ్వకు వేలాడదీసింది. సోడాను నాలుగు పళ్లాల్లో పరిచి, పాపకు అందకుండా కిటికీ కింద మంచానికీ గోడకూ మధ్య సందులోకి తోసింది. వెనిగర్ గిన్నెను అంతకన్నా భద్రంగా ఉండాలని కిటికీ గట్టు మీద, చువ్వలకు ఆనించి పెట్టింది. స్టవ్ మీద నిమ్మతొక్కలూ లవంగాలూ ఉడకడం మొదలైంది. గది మధ్యలో నిలబడి ఊపిరి పీల్చింది. నిమ్మ వచ్చింది, లవంగం వచ్చింది, వెనిగర్ ముక్కులో గుచ్చింది. వాటన్నిటికీ పెద్దన్నలా పాల వాసన కూడా వచ్చింది. ఏడుపొచ్చింది.

అదే సమయంలో కింద ఇంటావిడ బట్టలు ఇవ్వడానికి వెళ్లి, ఇస్త్రీ బాబాయితో అంటోంది. "పాపం పైనున్న అమ్మాయికి పన్ను నొప్పి, అజీర్తి, తల్లో పేలు. మొగుడికి చెప్పినట్టు లేదు."

"గ్యాస్ కూడా లేదమ్మా! బొగ్గులు పట్టుకెళ్లింది. తలుపులు మూసి, పసిపిల్లని పెట్టుకుని, ఆ కాస్త గదిలో కుంపటి!"

ఇంటావిడ అక్కడినుంచే ప్లంబరుకు ఫోను చేసి, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. ఆయన ఎవరింట్లోనో సింకు విప్పినవాడు విప్పినట్టే వదిలేసి బయల్దేరాడు. ఇంటావిడ పైకెక్కి తలుపు కొట్టింది.

కంగారమ్మ భుజాన గుడ్డ సర్దుకుంది. నర్సమ్మే అనుకుంది. పాపను ఎత్తుకుని తలుపు తీసింది.

"ఏదీ, నోరు తెరువు" అంది ఇంటావిడ.

"ఎందుకు పిన్నిగారూ?"

"ఏ పన్నో చూడనీ. పైదా, కిందిదా? ఇంకా పెద్దగా. సిగ్గేమిటి, నేను పరాయిదాన్నా?"

నొప్పి లేని పళ్లను ఒక్కొక్కటే చూపిస్తూ గుమ్మంలో పది నిమిషాలు నోరు తెరిచి నిలబడింది. అబద్ధమని చెప్పాలనుకుంది గానీ తెరిచిన నోటితో 'ఆఁ' తప్ప వేరే మాట రాదు. ఇంటావిడ దాన్ని కూడా నొప్పి కింద లెక్కేసింది. పరీక్ష ఎడమ దవడ దాకా వచ్చేసరికి ఇంటావిడే ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోందే!"

నిమ్మనీళ్లు ఇగిరిపోయి తొక్కలు బొగ్గవుతున్నాయి. నల్లటి పొగ వంటగది దాటి గదిలోకి వస్తోంది. కంగారమ్మ ఒక్క ఉరుకున వెళ్లి స్టవ్ ఆపేసింది. ఆ తర్వాత గిన్నె, పళ్లాలు, పరుపు, పదకొండు గంటలు, అన్నీ అక్కడే వదిలేసి, పాప తలను తన మెడలో దాచుకుని మెట్ల మీదకు పరిగెత్తుకొచ్చి కూర్చుంది. ఇంటావిడ మాత్రం గుమ్మంలోనే నిలబడి, "కుంపటి అంటుకుంది బాబోయ్!" అని వీధంతా వినపడేలా కేకపెట్టింది.

ఇస్త్రీ బాబాయి బట్టల మీద చల్లుకునే నీళ్ల బకెట్టుతో వచ్చాడు. పొగలో కుంపటి కోసం వెతికాడు. ఉంటే కదా! చువ్వకు నల్లగా వేలాడుతున్న మేజోడు కనబడింది. దాని మీద బకెట్టు నీళ్లూ కుమ్మరించాడు. మేజోట్లోంచి కారిన నల్లనీళ్లు ఉతికిన దుప్పటి మీదకు దిగాయి. "ముందు గాలి రావాలి!" అంటూ మూలనున్న ప్లంబరు పైపు ముక్క తీసుకుని చువ్వల సందులోంచి కిటికీని పొడిచాడు. ఒకటి, రెండు, మూడో పోటుకు కిటికీ ఏడాది మొండిపట్టు విడిచింది. ఆ అదురుకు వెనిగర్ గిన్నె బోర్లపడి తిన్నగా సోడా పళ్లాల్లోకి వెళ్లింది.

మంచం వెనక బుస్సుమంది. తెల్లటి నురుగు పొంగి, సందులోంచి బయటికి పాకింది.

"అమ్మా! బండలు పొంగుతున్నాయే!" అంటూ ఇస్త్రీ బాబాయి మంచమెక్కేశాడు. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన పాఠం ఆ విధంగా పూర్తయింది.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద, పాప ఇంకా వదలకుండా గుప్పిట్లో నలుపుతున్న ఫోను దానంతటదే మాట్లాడింది. "ఇక అయిదోది, అన్నిటికన్నా తేలికైనది. కిటికీ తెరవండి."

కంగారమ్మ తలెత్తేసరికి ఎదురుగా తెల్లబట్టల్లో నర్సమ్మ. పది నిమిషాలు ముందే వచ్చింది. గుమ్మంలోంచి ఇంటావిడ, "మీరు ఆసుపత్రిమనిషిలా ఉన్నారు, కాస్త చూడండమ్మా. పన్ను నొప్పి, పేలు, అజీర్తి, ఇప్పుడీ నిప్పు..." అని జాబితా చదివేసింది. అంతలో కింద నుంచి రెంచీ పట్టుకుని ప్లంబరు ఊడిపడ్డాడు.

"ఏ పన్ను? ఎవరికి? నాకెందుకు చెప్పలేదు?"

"గ్యాస్ తేలేవుగానీ పన్ను అడుగుతావా?" అని మంచం మీంచే కేకేశాడు ఇస్త్రీ బాబాయి.

"మొన్ననే కదా బాబాయ్ కొత్త సిలిండర్ పెట్టింది!"

అందరూ కంగారమ్మ వైపు తిరిగారు. నర్సమ్మ నెమ్మదిగా అడిగింది. "పేలున్నాయా అమ్మా?"

నాలుక అలవాటుగా 'ఆఁ' అనబోయింది. పని ఎలాగూ పోయింది. పోయే పని కోసం పేలెందుకు మోయాలి?

"లేవండీ. పన్ను నొప్పీ లేదు, అజీర్తీ లేదు. ఇంట్లో వాసనొస్తోంది. మీరు గాలి ముఖ్యమన్నారు కదా, మూడు రోజులుగా పోగొట్టాలని చూస్తున్నా. పోవట్లేదు. అది చెప్పుకోలేక ఎవరేమంటే దానికి ఊఁ కొట్టాను."

నర్సమ్మ గదిలోకి నడిచింది. నురుగు దాటి, నల్లనీళ్లు దాటి, మంచం మీదున్న ఇస్త్రీ బాబాయిని దాటి కిటికీ దగ్గర నిలబడింది. వీధి గాలి పొగను తోసేస్తోంది. ఊపిరి పీల్చింది.

"గదిలో ఏ వాసనా లేదే. గాలి బ్రహ్మాండంగా ఉంది."

"ఉందండీ" అంది కంగారమ్మ దగ్గరికొచ్చి, ఇంచుమించు ఏడుస్తూ. "చూడండి, ఇక్కడ కూడా వస్తోంది."

నర్సమ్మ పాప మీదకు వంగింది. కాస్త పక్కకు జరిగింది. ఆమె ఎడమ భుజం మీద గుడ్డను రెండు వేళ్లతో పట్టి ఎత్తింది. అది అట్టముక్కలా లేచింది.

"దీన్ని ఉతికి ఎన్నాళ్లైంది?"

ఇంట్లో గుడ్డన్నదాన్నల్లా ఉతికిన మనిషి, ఉతుకుతున్నంతసేపూ భుజాన ఉన్నదాన్ని ఉతకలేదు. రోజూ స్నానం చేసి రాగానే మళ్లీ దాన్నే వేసుకుంది. మంచం దగ్గరికి తనే మోసుకెళ్లింది. బీరువా వెనక్కి తనే తీసుకెళ్లింది. "నేను చెప్పలా, ఇంట్లో ఏం రావట్లేదని" అన్నాడు ప్లంబరు. మూడు రోజుల తర్వాత తన ముక్కు కేసు గెలిచినందుకు ఆయన మొహం వెలిగిపోయింది.

ఆమె తల దించుకుంది. "మీకు ఇంకో ఇల్లు చూసుకోవడానికి టైముందా అండీ?"

"ఇంకో ఇల్లెందుకు? నేను మెట్లెక్కేసరికి నువ్వు చేతిలో దేన్ని పట్టుకుని కూర్చున్నావో చూశాగా. గిన్నె మాడితే మాడింది. సోమవారం ఏడింటికి తీసుకొస్తా. ఒక్కటే షరతు. పగలు ఈ కిటికీ మాత్రం మూయకూడదు."

"మూయనండీ!" అంది కంగారమ్మ ఒట్టేసి.

మూడో పోటుకు కిటికీ రెక్కలు రెండూ ఊడి ఇస్త్రీ బల్ల మీద పడ్డాయని, ఇంటావిడ ఇంకా ఆ పక్కకు చూడలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు.