రాజనర్సయ్య తోడి రాగం

1938లో అమీర్‌పేటలో రాజనర్సయ్యను ఎరగనివాళ్లు లేరు. నాటకంలో ఆయన ఊరికే ముక్కు గీరుకున్నా జనం పొట్టలు పట్టుకునేవారు. ఆయన హాస్యం గ్రామఫోను ప్లేట్లుగా కూడా వచ్చింది. చిన్నతనంలో ఒక భాగవతార్ దగ్గర ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకున్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. పాట ఎత్తుకుంటే చాలు, కొత్త హాస్యమనుకునేవాళ్లు. భార్య కాంతవ్వ కూడా నోట్లో కొంగు కుక్కుకునేది. నవ్వకుండా ఒక్క మనిషి వింటే బాగుండునని ఆయన లోలోపల అలమటించేవాడు.

ఆ రోజు పొద్దున్నే, "పంజగుట్ట బండల దాక పోయొస్త," అని భార్యకు చెప్పి బయలుదేరాడు. అక్కడ వినేవాడు లేకపోయినా, నవ్వేవాడూ ఉండడు. బండ మీద కూర్చుని, కళ్లు మూసుకుని తోడి రాగం అందుకున్నాడు.

ఆయన గొంతు పైకెత్తేసరికి దగ్గర్లో మేకలు కాస్తున్న పోచయ్య అదిరిపడ్డాడు. తొంగి చూస్తే, రాజనర్సయ్య కళ్లు మూసుకుని తల అటూ ఇటూ ఆడిస్తున్నాడు.

"అయ్యో! రాజనర్సన్న కాలు ఇరిగింది! నొప్పికి ఒర్రుతుండు!" అంటూ పోచయ్య ఊళ్లోకి ఉరికాడు.

అమీర్‌పేట బజారులో ఆ కాలు విరగడం పాము కాటయింది. కబురు బల్కంపేట చేరేసరికి ఆయన మీద ఆశ వదులుకున్నారు. కాసేపట్లో నులక మంచంతో సహా జనం గుట్టెక్కారు. వెంట వచ్చిన నాటువైద్యుడు ఏమైందని అడగకుండానే కాలికి తాడు బిగించి, నోట్లో చేదాకు కుక్కాడు.

రాజనర్సయ్య ఆకు ఉమ్మేసి అరిచాడు. "నాకేం కాలే! పాట పాడుతున్న!"

బండలు దద్దరిల్లేలా నవ్వారు.

"పాము కరిసినా నవ్విస్తనే ఉన్నడు!"

"నిజంగనే పాడుతున్ననయ్యా, జర ఇనుండ్రి!"

చేదు నోటితోనే మళ్లీ ఎత్తుకున్నాడు. ప్రాణం పెట్టి పాడేకొద్దీ నవ్వులు పెరిగాయి. ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన కాంతవ్వ కూడా కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది. అది ఆయనకు పాము కాటు కన్నా ఎక్కువే అనిపించింది. ఇక వాదించలేదు. మంచం మీద పడుకోబెడితే పడుకున్నాడు, మోస్తే మోయించుకున్నాడు. ఆకాశంకేసి చూస్తూ తనకోసమే సన్నగా పాడుకున్నాడు.

దారిలో మగ్దలీనమ్మ ఎదురైంది. చర్చిలో కీర్తనలు నేర్పే పెద్దావిడ. కడసారి ప్రార్థన చేద్దామని వచ్చింది. మంచం పక్కనే నడుస్తూ, పాట ఆగేదాకా విన్నది. నవ్వలేదు.

"నాయనా, పై షడ్జం కాడ జర జారినవ్," అన్నది.

రాజనర్సయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. "జారిన్నా అమ్మా? నిజంగ?"

"జారినవ్. ఇంత మంచి గొంతు పెట్టుకొని గట్ల జారొచ్చునా? మల్ల అందుకో."

ఆయన కళ్లు చెమర్చాయి. మంచం దిగి, తాడు బిగిసిన కాలితో కుంటుతూ వెళ్లి, నడిరోడ్డు మీద ఆవిడ కాళ్లకు మొక్కాడు.

జనం దానికీ నవ్వారు.