పిన్ని తుడిచిన పొర

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: పరిశోధన చేసే అమ్మాయి, గళ్లనుడికట్టుతో కుస్తీ పడుతున్న తాతయ్య, మరక కనబడితే ముద్ద దిగని పిన్ని. ల్యాబుకు రంగులు వేస్తుండడంతో అమ్మాయి లేజరు మకాం ముందుగదికి మార్చింది. కాసేపట్లో గైడు గారు వస్తారు. ఆ లేజరులోని సన్నటి గాజుతీగలో తిరిగే వెలుగు ఎడతెగని ధారలా కాక తునకలుగా, అంటే పల్సులుగా వస్తేనే ఆయన థీసిస్ మీద సంతకం పెడతారు. లేదంటే ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలే.

వెలుగును అలా తునకలు చేసేది గ్రాఫీన్ పొర. బలహీనమైన వెలుగును మింగేస్తుంది, బలమైనదాన్ని పోనిస్తుంది. దాన్ని తీగ కొసకు అంటించి అమ్మాయి స్నానానికి వెళ్లింది.

పిన్ని కంట పడింది ఆ కొస.

"ఇంత ఖరీదైన వస్తువుకి ఈ మసేమిటి, ఖర్మ!" అని కొంగుతో తళతళా తుడిచేసింది.

"అది గ్రాఫీన్ కాదూ?" అన్నాడు తాతయ్య తల ఎత్తకుండా.

"తుడుస్తుంటే నోరేమైంది నాన్నా?"

"నిలువు ఏడు ఆలోచిస్తున్నా."

పిన్ని స్నానాలగది వైపు తొంగి చూసింది. "అదసలు దేంతో చేస్తారు?"

"పెన్సిలు ముల్లులో ఉండేదేనట. పొరలు పొరలుగా ఊడదీస్తారట."

పిన్ని ఆయన పెన్సిలు లాక్కుంది. ముల్లును టేపు మీద రుద్ది, టేపును తీగ కొసకు అద్ది, ఇంచుమించు అలాంటి మరకే పుట్టించింది.

గైడు గారు వచ్చారు. అమ్మాయి తీగ కొసలు కలిపి మీట నొక్కింది. తెర మీద పల్సులు బారులు తీరాయి.

"భేష్! ఇంత నిలకడగా ఇదివరకెప్పుడూ రాలేదే! పద, కాగితాలు కారులో ఉన్నాయి," అన్నారాయన. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెంట వెళ్లింది.

ఆ కన్నీళ్లు చూసేసరికి పిన్ని గుండె కలుక్కుమంది. దొంగ మరకతో పిల్లకు డిగ్రీయా! రేపు బయటపడితే?

వాళ్లు తిరిగొచ్చేసరికి లేజరు ఆపేసి ఉంది.

"అమ్మడూ, తిడితే తిట్టు. నీ మరక నువ్వు స్నానానికి వెళ్లినప్పుడే తుడిచేశా. ఇందాకటిది తాతయ్య పెన్సిలుది. ఆ పాపం కూడా ఇప్పుడే శుభ్రంగా తుడిచేశా."

గైడు గారి కలం మూత తీసింది తీసినట్టే ఉండిపోయింది. "పెన్సిలా? అయితే నా ఎదురుగా ఇంకోసారి చేసి చూపించమ్మా. అప్పుడే సంతకం."

అమ్మాయి పిన్నిని భుజాలు పట్టి వసారాలోకి నడిపించి తలుపు వేసేసింది.

"తిట్టనైనా తిట్టవేమే!" అంది పిన్ని తలుపుతో.

తలుపు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చింది. "పెన్సిలు."

పిన్ని కొప్పులోంచి తీసి ఇచ్చింది. తలుపు మళ్లీ మూసుకుంది.

పెన్సిలును మాత్రం లోపలికి రానిచ్చారు.