డాక్‌కు పసుపు కుంకుమ

దుర్గేష్ ఆ ఉదయానికి వేసుకున్న ప్రణాళికలో అత్తగారు లేరు. స్నానం చేయడం, కాఫీ తాగడం, డాక్‌ను సంచీలో పెట్టుకోవడం, తాముండే ఫ్లాట్ బుష్ రోడ్లు కిటకిటలాడకముందే ఈస్ట్ టామకిలోని ఆఫీసుకు చేరుకోవడం, మీటింగులో చౌక టూయి అనే ఆలోచనను మళ్ళీ లేవకుండా పాతిపెట్టడం. ఇంతే. చూడటానికి ఏ లోపమూ లేని ప్రణాళిక.

టూయి అంటే వాళ్ళ చిన్న కంపెనీ తయారుచేసే గేమ్ కన్సోల్. చేత్తో పట్టుకుని బస్సులో ఆడుకోవచ్చు. ఇంటికొచ్చాక డాక్ అనే చిన్న స్టాండులో నిలబెడితే అదే ఆట టీవీలో కనబడుతుంది. రెండు విధాలా పనికొస్తుంది కాబట్టి హైబ్రిడ్ అంటారు. ఆ డాక్ దుర్గేష్ సృష్టి. కంపెనీలో డాక్ విభాగం అంటే దుర్గేషూ, అతని పక్కన ఒక ఖాళీ కుర్చీ. ఇప్పుడు సేల్స్ చూసే భార్గవ్ కొత్త పాట అందుకున్నాడు. డాక్ తీసేసి, చేతిలో మాత్రమే ఆడుకునే చౌక రకం ఒకటి తెస్తే జనం ఎగబడి కొంటారట. అదే ఖాయమైతే డాక్ విభాగంలో రెండో కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. ఈ వయసులో మళ్ళీ ఇంటర్వ్యూలకు తిరిగి, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో వాతావరణం గురించి నవ్వుతూ మాట్లాడే ఓపిక దుర్గేష్‌కు లేదు.

అందుకే కొత్త డాక్ నమూనాను ఇంటికి తెచ్చుకుని వారమంతా దానికి మెరుగులు దిద్దాడు. టూయీని అందులో పెట్టిన మరుక్షణం టీవీ వెలగాలి. అది చూశాక డాక్ వద్దనే నోరు ఎవరికీ ఉండకూడదు. రాత్రి పడుకోబోయే ముందు వెలిగింది కూడా. ప్రపంచం మొత్తం మీద అలాంటి డాక్ ఒక్కటే ఉంది. అది వంటింటి బల్ల మీద ఉండాలి. స్నానం చేసి వచ్చి చూస్తే లేదు.

"అక్షయా, బల్ల మీద నా డాక్ చూశావా?"

స్కూలు సెలవులు కావడంతో కూతురు నింపాదిగా టిఫిన్ చేస్తోంది. "అమ్మమ్మ టుక్ ఇట్, నాన్నా. గాడ్ దగ్గర ఉంది."

అత్తగారు శకుంతలగారు కూతురి దగ్గర నాలుగు నెలలు ఉండి వెళ్దామని కాకినాడ నుంచి వచ్చారు. ఆ రోజు మహర్నవమి. ఆయుధపూజ చేయాలి కాబట్టి, ఇంట్లో ఆయుధాలేమున్నాయని పొద్దున్నే కూతురిని అడిగారు. ఆసుపత్రి ల్యాబులో డ్యూటీకి పరిగెడుతున్న నిరుపమ, "కూరగాయల కత్తి ఉందమ్మా. ఆయన సంగతి అంటావా, ఆయన బతుకంతా బల్ల మీద ఆ డబ్బాలోనే ఉంది" అని చెప్పి కారెక్కింది. శకుంతలగారు విన్నది విన్నట్టు ఆచరించే మనిషి.

పీట మీద అమ్మవారి పటం, కలశం, కూరగాయల కత్తి, ఒక స్క్రూడ్రైవరు, వాటి నడుమ టూయీ, డాకూ కొలువుతీరి ఉన్నాయి. టూయికి చిన్న బొట్టుతో సరిపెట్టారు గానీ, డాక్‌కు మాత్రం ఒళ్ళంతా తడి పసుపు పట్టించి, గంధం చిలకరించి, కుంకుమ పెట్టడానికి అనువైన చోటు వెతికి మరీ పెట్టారు. ఆ అనువైన చోటు టీవీ తీగ దూర్చే కంత.

"అత్తయ్యగారూ! ఇదేం పనండీ!"

"బాగా కుదిరింది కదా బాబూ! బొట్టు పెట్టుకోడానికి చిన్న గుంట కూడా ఉంది. చేసినవాళ్ళెవరో ముందే ఆలోచించి పెట్టినట్టున్నారు."

"ఆ గుంట పెట్టింది నేనేనండీ!"

"అదీ, అనుకున్నాను. భక్తి ఉన్నవాళ్ళకే ఇలాంటివి తడతాయి."

దుర్గేష్ చెయ్యి చాపబోయాడు. శకుంతలగారు అడ్డంగా నిలబడ్డారు. "అయ్యయ్యో, ముట్టుకోకండి! పూజలో పెట్టినవి రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

"ఇవాళ మీరు చెప్పకపోతే ఆఫీసులో నాకు చెప్తారండీ ఉద్వాసన!"

"అలాంటి మాటలు పండగ పూట అనకూడదు బాబూ."

దుర్గేష్ టైము చూసుకున్నాడు. అత్తగారితో పోట్లాడి డాక్ లాక్కునే ధైర్యం అతనికి లేదు. లాక్కుంటే సాయంత్రం నిరుపమకు సమాధానం చెప్పుకునే ధైర్యం అసలే లేదు. దిక్కుతోచక, "పోనీ అమ్మవారితో సహా తీసుకెళ్తేనో?" అన్నాడు.

శకుంతలగారు ఆలోచనలో పడ్డారు. "ఊరేగింపు అంటారా? ఊరేగింపుకి దోషం లేదు. కానీ కలశం పట్టుకోడానికి మనిషి ఉండాలి కదా. కూర్చోండి, పట్టుచీర కట్టుకొచ్చేస్తాను."

కారు బయల్దేరేసరికి బానెట్ మీద బంతిపూల దండ పడింది. వెనక సీట్లో పీటకు బెల్టు కట్టారు. పక్కన కలశం ఒళ్ళో పెట్టుకుని శకుంతలగారు, ముందు సీట్లో గంట పట్టుకుని అక్షయ. ఎర్ర లైటు పడ్డ ప్రతిచోటా గంట మోగింది. రౌండబౌట్ దగ్గరకు రాగానే శకుంతలగారు ముందుకు వంగి, "చూశారా బాబూ, ఇక్కడ కార్లన్నీ ప్రదక్షిణంగానే తిరుగుతున్నాయి! మూడుసార్లు తిప్పండి, మంచిది" అన్నారు. దుర్గేష్ తిప్పాడు. తిప్పుతూ లోలోపల ఏడ్చాడు. వెనక వస్తున్న లారీవాడు మొదటి చుట్టుకు హారన్ కొట్టాడు, మూడో చుట్టుకు చెయ్యి ఊపాడు.

ఆఫీసుకు చేరేసరికి భార్గవ్ ఉపన్యాసం సగానికి వచ్చింది. మీటింగు గది తలుపు తీసుకుని ముందు గంట, వెనక కలశం, ఆ వెనక పీట మోస్తూ దుర్గేష్ ప్రవేశించారు. గదిలో అందరూ నోళ్ళు తెరిచారు. డైరెక్టర్ హెలెన్ మాత్రం గబుక్కున లేచి నిలబడింది. ఈ దేశంలో కొత్త పని మొదలుపెట్టే ముందు ఇక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతిలో పెద్దల చేత కరకియా అనే ప్రార్థన చెప్పించడం మామూలే. ఆవిడ తనకు తెలిసిన లోకం ప్రకారం అర్థం చేసుకుంది. చౌక టూయి వద్దని నెల రోజులుగా వాదిస్తున్న దుర్గేష్ మనసు మార్చుకుని, దాన్ని ఆశీర్వదించడానికి ఏకంగా తన ఇంటి పెద్దనే వెంటబెట్టుకొచ్చాడు. ఎంత పెద్ద మనసు! ఆవిడ కళ్ళు చెమర్చాయి.

భార్గవ్‌ది వరంగల్. ఇక్కడికి చదువుకోడానికి వచ్చి, మొదట్లో డైరీ కొట్టులో పాలూ బ్రెడ్డూ అమ్మినవాడు. ఎవరికి ఏది ఎప్పుడు అంటగట్టాలో వాడికి బాగా తెలుసు. దుర్గేష్ చెవి దగ్గర, "అన్నా, నువ్వు ఇంత మంచోనివని నాకు తెల్వదే" అన్నాడు.

"అది కాదు భార్గవ్..."

అప్పటికే హెలెన్ స్వాగతం చెప్పేసింది. మర్యాద ప్రకారం స్టాఫ్ అంతా నిలబడి మావోరీ పాట పాడారు. మొదటి చరణం గట్టిగా, తర్వాతి చరణం ఎవరికీ రాదు కాబట్టి నెమ్మదిగా. పాట కాగానే అందరూ అతిథుల వైపు చూశారు.

"ఏవంటున్నారే వీళ్ళు?" అని శకుంతలగారు మనవరాలిని అడిగారు.

"నౌ యూ హావ్ టు సింగ్, అమ్మమ్మా."

పాడమని శకుంతలగారిని అడిగినవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. ఆవిడ గొంతు సవరించుకుని మంగళహారతి మొత్తం, ఒక్క చరణం కూడా వదలకుండా పాడారు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక తన వంతు వచ్చిందనుకుని దుర్గేష్ పీటతో సహా డాక్‌ను టీవీ దగ్గరకు జరిపాడు. రుమాలుతో కంత తుడిచాడు, నోటితో ఊదాడు. కుంకుమ లేచి హెలెన్ తెల్లచొక్కా మీద పడింది. ఆవిడ దాన్నీ ఆశీర్వచనమే అనుకుని తలవంచింది. తీగ దూర్చి, టూయీని డాక్‌లో నిలబెట్టాడు. టీవీ నల్లగా ఉండిపోయింది. తీసి మళ్ళీ పెట్టాడు. అప్పుడూ నలుపే.

"హారతి పాటే అయింది గానీ హారతి ఇవ్వలేదు కదా బాబూ, అదెలా పనిచేస్తుంది?" అంటూ శకుంతలగారు కర్పూరం ముద్దగా వేసి వెలిగించేశారు. దుర్గేష్ తల ఎత్తి చూశాడు. పళ్ళెం సరిగ్గా పొగ కనిపెట్టే యంత్రం కింద ఉంది. వద్దని అరిచేలోపు బిల్డింగంతా అలారం హోరెత్తింది.

నియమం ప్రకారం ఎక్కడి వస్తువులు అక్కడే వదిలి అందరూ కార్ పార్కులోకి వచ్చేశారు. శకుంతలగారు మాత్రం కలశం వదల్లేదు, అక్షయ డాక్‌లోంచి టూయీని తీసుకుని మరీ వచ్చింది. ఫైరింజన్ కోసం ఎదురుచూస్తూ ఎవరికీ ఏమీ తోచడం లేదు. అక్షయ ఒక మూల నిలబడి ఆడుకుంటుంటే ఒకరొకరుగా ఆమె చుట్టూ చేరారు. భార్గవ్ ఇలాంటి అవకాశం వదులుకునే మనిషి కాదు. గట్టు ఎక్కి, "చూశారా! టీవీ లోపలే ఉండిపోయింది, ఆట మనతో బయటికొచ్చింది. అలారం మోగినప్పుడు టీవీని ఎవరైనా మోసుకొస్తారా?" అని ఇంగ్లీషులో గర్జించాడు.

చౌక టూయి కావాలనేవాళ్ళు చేతులెత్తమంది హెలెన్. కార్ పార్కు నిండా చేతులు లేచాయి. దుర్గేష్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్న డాక్ లోపల పసుపు పూసుకుని ఒంటరిగా ఉంది. తనను రేపో మాపో మర్యాదగా కేకు కోసి పంపించేస్తారు. ఆ కేకు కూడా తనే కొయ్యాలి.

గెలిచిన ఉత్సాహంలో భార్గవ్ మర్యాదకు పోయాడు. టూయీని తెచ్చి శకుంతలగారి చేతిలో పెట్టాడు. "ఆంటీ, మీరు గూడ ఆడి చూడున్రి. ఎంత మంచిగున్నదో చెప్పున్రి."

ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు, కళ్ళజోడు తీసి చూశారు. "ఏదీ, ఎండకి నా మొహమే కనబడుతోంది. అయినా ఇంత చిన్నదాంట్లోకి ఒక్కళ్ళే తొంగి చూసుకోడం ఏవిటి నాయనా, దొంగతనంగా మిఠాయి తిన్నట్టు? ఒకళ్ళు ఆడుతుంటే నలుగురూ చూడద్దూ? టీవీలో పెట్టు."

"ఏమంటున్నారు?" అంది హెలెన్ ఆత్రంగా.

"చాలా నచ్చిందంటున్నారు" అన్నాడు భార్గవ్.

"నో, షీ డిడ్‌న్ట్ సే దట్" అంది అక్షయ. "అమ్మమ్మ వాంట్స్ ఇట్ ఆన్ ద టీవీ."

హెలెన్ మొహం వాడిపోయింది. అందరూ చేతులెత్తి ఒప్పుకున్న తర్వాత తీర్మానం మార్చడం కుదరదు, ఆశీర్వదించడానికి వచ్చిన పెద్దావిడ మాట తోసేయడం అంతకన్నా కుదరదు. ఈలోగా లోపల తనిఖీ చేసి వచ్చిన ఫైర్‌మన్ ఒకడు టూయి వంక ఆశగా చూశాడు. "మా ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఒకడు ఆడుతుంటే మిగతా ఇద్దరూ కొట్టుకు చస్తారు. ఇది టీవీకి పెట్టుకోవచ్చా?"

హెలెన్ క్షణం ఆలోచించింది. తర్వాత ఆవిడ మొహం వెలిగిపోయింది. "పెట్టుకోవచ్చు. డాక్ విడిగా కొనుక్కుంటే."

కార్ పార్కులో చప్పట్లు మోగాయి. దుర్గేష్ నిజాయితీపరుడు కావడం వల్ల నోరు ఊరుకోలేదు. "టీవీకి పెట్టుకునే వీలుంటే అది చేతిలో మాత్రమే ఆడే రకం ఎలా అవుతుంది?"

"డాక్ కొనేదాకా అవుతుంది" అంది హెలెన్.

"కానీ రెండూ కలిపితే ఇప్పటి హైబ్రిడ్ కంటే ధర ఎక్కువ..."

భార్గవ్ అతని కాలు గట్టిగా తొక్కాడు. "అన్నా, దండం పెడతా, నోరు ముయ్యి. నా చౌక టూయి ఉన్నది, నీ నౌకరీ ఉన్నది. ఇంకేం గావాలె నీకు?"

సాయంత్రానికల్లా అన్నీ ఖాయమయ్యాయి. చౌక టూయికి భార్గవ్, విడిగా అమ్మే డాక్‌కు దుర్గేష్ బాధ్యులు. దుర్గేష్ కింద కొత్తగా ఇద్దరిని తీసుకుంటారు. చౌక రకానికి పోటీ అవుతుంది కాబట్టి పాత హైబ్రిడ్ టూయీని ఆపేస్తారు. ఇక టూయీనీ డాక్‌నూ ఒకే పెట్టెలో పెట్టి, ఇంకాస్త చౌకగా అమ్మే సాహసం చేయవచ్చా అన్నది పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు.