కొరియా హోటల్లో మొదటి బంతి

నరసరావుపేటకి కొరియా హోటల్ రావడం కాలువకి నీళ్ళు రావడం కంటే గొప్ప విషయమని నేను బల్ల గుద్ది చెబుతాను. ఆ హోటల్లో బల్లకి నడిమధ్యన నిప్పులుంటాయి కాబట్టి కాస్త పక్కగా గుద్ది చెబుతాను.

నవ్వకండి! కాలువకి నీళ్ళు ఆలస్యంగానైనా వస్తూనే ఉన్నాయి. కొరియా కోసం మాత్రం మనం తరతరాలుగా ఆగాల్సి వచ్చింది. ఇప్పటికైనా వచ్చింది. సత్తెనపల్లి రోడ్డులో కింద పురుగుమందుల షాపు, పైన 'సియోల్ కిచెన్ అండ్ బార్'. మెట్లెక్కుతుంటే ముందు పురుగుమందు వాసన, తర్వాత వెల్లుల్లి వాసన వస్తాయి. పైకి చేరేసరికి మనిషికి ఏం తినాలో అటుంచి, ఎందుకొచ్చామో కూడా గుర్తుండదు.

డబ్బులిచ్చి మన ముక్క మనమే కాల్చుకోవడమేమిటని కొందరు గొణుగుతున్నారు. వాళ్ళకి దూరదృష్టి లేదు. వండేవాడే లేకపోతే వంక పెట్టేది ఎవరికి? వడ్డించేవాడే లేకపోతే అలిగేది ఎవరి మీద? మన పల్నాడులో సగం తగాదాలు పొలం గట్ల దగ్గర పుడతాయి. మిగతా సగం భోజనాల దగ్గర. గట్టు తగాదాకి కోర్టుంది, వకీళ్ళున్నారు, వాయిదాలున్నాయి. విస్తట్లో ముక్క పడలేదన్న తగాదాకి ఏ కోర్టుంది చెప్పండి? ఆ లోటు తీర్చడానికే కొరియా వాళ్ళు అంతదూరం నుంచి బయల్దేరారు.

నమ్మకం కుదరకపోతే రాఘవమ్మ సంగతి వినండి.

రాఘవమ్మ మొగుడు కోటయ్యది నరసరావుపేట పక్క ఊరు. ఆమె తమ్ముడు చెన్నకేశవులుది మాచర్ల. బావా బావమరుదులు ఒకప్పుడు ఒకే సిగరెట్టు చెరి సగం కాల్చుకున్నవాళ్ళు. కరోనాకి ముందు కోటయ్య కూతురి పెళ్ళి జరిగింది. పెళ్ళి మర్నాడు మాంసం భోజనాలు పెట్టారు. ఎవరో నాయకుడు ఆశీర్వదించడానికి వస్తూ వెంట రెండు వ్యాన్ల జనాన్ని తెచ్చాడు. వాళ్ళంతా మొదటి బంతిలో కూర్చున్నారు. పెళ్ళికూతురి మేనమామ అయిన చెన్నకేశవులుకి రెండో బంతిలో చోటు దొరికింది. పైగా రెండో బంతికి మూలుగ ఎముకలు అయిపోయాయి!

అంతే. చెన్నకేశవులు చేతులు కడుక్కుని మాచర్ల బస్సెక్కాడు. నీ గడప తొక్కను, నీ ఇంట మెతుకు ముట్టను అన్నాడు. కోటయ్య కూడా తక్కువ తినలేదు. మూలుగ కోసం చుట్టరికం వదులుకునేవాడితో నాకేం పని అన్నాడు.

నడుమ నలిగింది రాఘవమ్మ. ఇప్పుడు తమ్ముడి కూతురు రేవతికి పెళ్ళి కుదిరింది. రేవతికి తల్లి లేదు. పెళ్ళికూతుర్ని చేయాలన్నా, హారతి పట్టాలన్నా మేనత్తే దిక్కు. మొగుణ్ణి వదిలి ఒక్కతే వెళ్తే మొగుడికి పరువు తక్కువ. వెళ్ళకపోతే తల్లి లేని పిల్ల పీటల మీద ఒంటరిది. రాఘవమ్మకి ఆ తలంపుతో నెల రోజులుగా నిద్ర లేదు.

చివరికి ఉపాయం రేవతే చెప్పింది. కొరియా సీరియళ్ళు చూసి చూసి ఆ పిల్లకి కొరియా న్యాయం మీద గురి కుదిరింది.

"మీ ఇంట్లో వద్దత్తా, మా ఇంట్లో వద్దు. పేటలో కొరియా హోటల్ పెట్టారు. అక్కడ ఎవురూ ఎవురికీ పెట్టరు, ఎవరిది వాళ్ళు తినటమే. ఇంక మాట పడేదేముంది" అని ఫోన్లో చెప్పింది.

చూశారా! ఊరి పెద్దలందరూ కూర్చుని తేల్చలేనిది పెళ్ళికూతురు ఒక్క ఫోనుతో తేల్చింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కొరియా చేరారు. బోర్డు మీద 'బార్' అన్న మాట చూసి రాఘవమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏందయ్యా ఇది, బారుకి తీసకొచ్చావు. ఎవురన్నా చూస్తే?"

"బారు కాదే, కొరియా. పద" అన్నాడు కోటయ్య.

ఈ మేలు కూడా మనం గుర్తించాలి. ఇదివరకు మగాళ్ళు బార్లోకి వెళ్తే ఆడవాళ్ళు బయట ఆటోలో కూర్చుని ఎదురుచూసేవారు. ఇప్పుడు లోపల ఏసీలో కూర్చుని ఎదురుచూడొచ్చు.

బల్ల చుట్టూ కూర్చున్నారు. బావకి ఎదురుగా బావమరిది. కోటయ్య ఫ్యాన్ లేని సీలింగు కేసి చూస్తున్నాడు. చెన్నకేశవులు గోడ మీద అర్థం కాని అక్షరాలన్నీ శ్రద్ధగా చదువుతున్నాడు. హోటల్ చూసుకునే ఫైజల్ వచ్చి చిన్న చిన్న గిన్నెలు బల్లనిండా పేర్చాడు. ఊరేసిన క్యాబేజీ, మొలకలు, ముల్లంగి, ఇంకేవో ఆకులు.

నలుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అన్నం రాకముందు పచ్చడి ముట్టుకునే సంస్కారహీనులు మన జిల్లాలో ఎవరున్నారు? ముందు పచ్చళ్ళు, కూరలు వేస్తారు. అన్నం వస్తుంది. పప్పు, నెయ్యి పడతాయి. పెద్దాయన మొదటి ముద్ద కలుపుతాడు. అప్పుడు కదా చెయ్యి కదలాలి!

ఫైజల్ రెండుసార్లు వచ్చి చూశాడు. "నచ్చలేదా సార్? స్టార్ట్ చేయండి."

"అన్నం రానియ్యి బాబు" అన్నాడు కోటయ్య.

"రైస్ లాస్ట్‌లో వస్తది సార్."

"లాస్టులో ఏం చేసుకునేది?"

ఫైజల్ తికమకపడి లోపలికెళ్ళి ఒక పళ్ళెంలో పచ్చి మటన్ పలచగా కోయించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కోటయ్య ముఖం విప్పారింది. ఇదీ మర్యాదంటే! వండబోయే మాంసాన్ని ముందుగా చూపించి మెప్పు అడిగే హోటల్ గుంటూరులోనూ లేదు. కోటయ్య ఒక ముక్క చేత్తో పైకెత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. చెన్నకేశవులుకి కూడా ఆగలేదు. మాంసం విషయంలో అతని మాట మాచర్ల సంతలో చెల్లుతుంది. అతనూ ఒక ముక్క నొక్కి చూశాడు.

"తొడ భాగమే. లేత పోతు" అన్నాడు గోడతో.

"లేతదే. కొవ్వు కూడా సమంగా ఉంది" అన్నాడు కోటయ్య సీలింగుతో.

ఇద్దరూ తలలూపి పళ్ళెం ఫైజల్ చేతికి తిరిగిచ్చేశారు.

"బానే ఉంది బాబు. తీసకపోయి వండుకు రా. కారం కాస్త దండిగా తగలనియ్యి" అన్నాడు కోటయ్య.

ఇన్నేళ్ళలో బావా బావమరుదులు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. రాఘవమ్మ గుండె కాస్త కుదుటపడింది.

వండటం మీ పనేనని చెప్పి ఫైజల్ పళ్ళెం మళ్ళీ బల్ల మీదే పెట్టాడు. పొయ్యి వెలిగింది. ఫైజల్ పట్టకారు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కోటయ్య ఆ పట్టకారుని అలవాటుగా రాఘవమ్మ వైపు జరిపాడు. అదే సమయానికి చెన్నకేశవులు మాంసం పళ్ళేన్ని అక్క వైపు జరిపాడు. ఇది రెండో ఏకాభిప్రాయం.

రాఘవమ్మ చెయ్యి దానంతటదే పట్టకారు మీదికి వెళ్ళింది. పొయ్యి కనబడితే ఆ చేతికి ఇంకేం తెలుస్తుంది?

"అత్తా, నువ్వు ఆగు. కొరియాలో చిన్నోళ్ళు కాల్చి పెద్దోళ్ళకి పెడతారు. నాన్నా, అత్త నీకన్నా పెద్దది. నువ్వే కాల్చు" అంది రేవతి.

"నేనా?"

"నువ్వే. ఫోటో తీస్తా."

ఫోటో అనేసరికి చెన్నకేశవులు పట్టకారు అందుకున్నాడు. మొదటి ముక్క బొగ్గయింది. రెండోది నిప్పుల్లో పడి అంతర్ధానమయింది. మూడోది కాలింది. దాన్ని తీసి అక్క పళ్ళెంలో వేశాడు.

రాఘవమ్మ నోట్లో పెట్టుకుంది. ఉప్పు చాలలేదు. కారం అసలే లేదు. కొరియా కారమని ఎర్రగా ఒకటి తెచ్చిపెట్టారు గాని, గుంటూరు మిరపకాయల మధ్య పెరిగిన మనిషికి అది బెల్లప్పాకం. కానీ ముక్క వేడిగా ఉంది. పొయ్యి మీంచి తిన్నగా తన పళ్ళెంలోకే వచ్చింది. పొగ, అంటూ కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు ఇంకోటి వేశాడు. అదీ తిన్నది. చెప్పకూడదు గాని, ఆమెకి చాలా బాగుంది.

ఇక బార్ సంగతి. చిన్న ఆకుపచ్చ సీసా, పిల్లలకి దగ్గుమందు తాగించే గ్లాసులంత గ్లాసులు వచ్చాయి. సీసాలోది కొరియా సారా, పేరు సోజు.

"ఒక్క రూల్ సార్. ఎవరి గ్లాసు వాళ్ళు పోసుకోకూడదు. ఎదుటివాళ్ళు పోయాలి. రెండు చేతుల్తో" అన్నాడు ఫైజల్.

కొరియా వాళ్ళ తెలివికి ఇక్కడ దణ్ణం పెట్టాలి. మన పెద్దమనుషులు రాజీ అంటే చెట్టు కిందో, పార్టీ ఆఫీసులోనో కూర్చోబెట్టి గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తారు. వాళ్ళు ఇద్దరి మధ్య ఒక సీసా పెట్టి ఊరుకుంటారు!

సీసా అక్కడే ఉంది. రెండు గ్లాసులూ ఖాళీగా ఉన్నాయి. కోటయ్య సీసా కేసి చూశాడు. చెన్నకేశవులు కూడా చూశాడు. తర్వాత ఇద్దరూ రాఘవమ్మ కేసి చూశారు.

"ఏమే" అన్నాడు కోటయ్య మెల్లగా.

"నా చేత్తో మందు పోసేది లేదు. కావాలంటే మీరే పోసుకోండి" అని ఆమె ఇంకో ముక్క నోట్లో వేసుకుంది.

ఏసీని కూడా లెక్కచేయని పొయ్యి సెగ, ఎదురుగా చెమటపట్టిన చల్లని సీసా. మనిషి పౌరుషం ఎంతసేపని నిలబడుతుంది? ముందు కోటయ్య చెయ్యే కదిలింది. సీసాని రెండు చేతుల్తో పట్టుకుని బావమరిది గ్లాసులోకి వంచాడు. చెన్నకేశవులు గ్లాసుని రెండు చేతుల్తో పట్టాడు. చూసేవాళ్ళకి తీర్థం పుచ్చుకుంటున్నట్టే ఉంది.

"ఆరోజు నిన్ను కూర్చోబెట్టకుండా వాళ్ళని కూర్చోబెట్టటం తప్పేలే" అన్నాడు కోటయ్య.

"నేను కూడా అట్టా లేచి పోగూడదులే బావా" అన్నాడు చెన్నకేశవులు.

రాఘవమ్మకి గుండెల్లో ఉన్న నిప్పంతా చల్లారి నెత్తిన మంచినీళ్ళు పోసినట్టయింది. రేవతి పెళ్ళికి తాను వెళ్ళొచ్చు. ఇంక దేనికీ బెంగ లేదు.

మూడో గ్లాసుకి చెన్నకేశవులు ఉదారుడయ్యాడు. "బావా, పెళ్ళి మర్నాటి భోజనాల్లో మొదటి బంతి నడిమధ్యన కూర్చునేది నువ్వే. మూలుగలన్నీ నీకే. అక్కా, నువ్వు నాలుగు రోజులు ముందే రా. వడ్డనంతా నీ చేతి మీదే. నువ్వుంటే నాకు దిగుల్లేదు."

"దాని వడ్డనంటే మాటలా. ఆఖరి బంతిదాకా కూర సరిపెట్టుద్ది" అని మెచ్చుకున్నాడు కోటయ్య.

రాఘవమ్మ తింటున్నది ఆపింది. కూతురి పెళ్ళినాటి భోజనాలు గుర్తొచ్చాయి. మొదటి బంతిలో ఎవరున్నారో, రెండో బంతిలో ఎవరున్నారో ఆమె చెప్పగలదు. అందరికీ వడ్డించింది తనే. అందరూ లేచాక పందిరి వెనక బోర్లించిన గంగాళం మీద కూర్చుని గిన్నె అడుగున ఉన్న చల్లన్నంలో చారు పోసుకుని తిన్నది. అది ఎన్నో బంతో ఎవరూ అడగలేదు. అలగడానికి కూడా మనిషికి ముందు ఒక బంతంటూ ఉండాలి కదా.

"కేశవా, ముక్క మాడుతోంది, తిప్పు" అంది.

అతను తిప్పాడు.

"పెళ్ళికూతుర్ని నేనే చేస్తా. హారతి నేనే పడతా. వడ్డన మాత్రం చెయ్యను. నేను మొదటి బంతిలో కూర్చుంటా."

కోటయ్య నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మరి వడ్డించేది ఎవురే?"

"మీరిద్దరూ ఉన్నారుగా. వీడికి కాల్చటం వచ్చింది, నీకు పొయ్యటం వచ్చింది. చానా బాగా చేస్తున్నారు" అని పళ్ళెం తమ్ముడి ముందుకి జరిపింది.

అయ్యలారా, అమ్మలారా, ఇంతసేపూ కొరియాని పొగిడాను గాని, నిజం చెప్పాలంటే ఆ ఊరేసిన క్యాబేజీ నాకూ సయించలేదు. నా గోడు వేరే ఉంది. మన జిల్లాలో వరి పండుతుంది, మిరప పండుతుంది, వీధి వీధికీ బిర్యానీ హోటలుంది. ఇన్ని ఉండి, మన ఇంటి ఆడమనిషి కూర్చుని వేడిగా నాలుగు ముద్దలు తినడానికి సముద్రాలవతలి దేశం వాళ్ళు వచ్చి బల్లేయాల్సి వచ్చింది.

పెళ్ళి మొన్న మాఘమాసంలో మాచర్లలో జరిగింది. మర్నాటి భోజనాల్లో రాఘవమ్మ మొదటి బంతిలో నడిమధ్యన కూర్చుంది. కోటయ్య, చెన్నకేశవులు నడుములకి తువ్వాళ్ళు చుట్టుకుని చెమటలు కక్కుతూ వడ్డించారు. ఆమె మారు అన్నం అడిగి మరీ పెట్టించుకుంది.

ఆ రోజు నుంచీ బావా బావమరుదులు ఒకే ప్రాణం. పొద్దున లేస్తే ఫోన్లు, సాయంత్రమైతే ఫోన్లు. వడ్డించాల్సి వచ్చిందని అలిగి, రాఘవమ్మతో మాత్రం ఇద్దరూ మాట్లాడటం మానేశారు. ఆమె ఆ సంగతి ఇంకా గమనించినట్టు లేదు.