రెండు కార్డుల మర్యాద

వంటకి లేచేలోపే కాలనీలోని సింధూర పెళ్లి వీడియో పూర్తిచేసెయ్యాలని తన్మయి ఆ ఉదయం అనుకుంది. సాయంత్రం సరూర్‌నగర్‌లో రిసెప్షన్. హాల్లో పెద్ద తెర మీద వెయ్యాల్సింది ఆ వీడియోనే. అది ఆమెకి వచ్చిన మొదటి ఆర్డరు. బాగుంటే మరో నలుగురు పిలుస్తారు, లేకపోతే కాలనీ అంతా చెప్పుకుంటుంది.

ఎల్‌బీ నగర్‌లోని వాళ్లింటికి ముందుగా మామగారు పట్టాభి ఒక డబ్బాతో వచ్చారు.

"వీడియోలు మధ్యలో ఆగిపోతున్నాయన్నావుగా అమ్మా. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను. ఇక బొమ్మ పరిగెడుతుందట."

భర్త ప్రసన్నకుమార్ దాన్ని కంప్యూటర్‌లో బిగిస్తుండగా తన్మయి తండ్రి బిక్షమయ్య వచ్చారు. ఆయన చేతిలోనూ గ్రాఫిక్స్ కార్డే. కంపెనీ మాత్రం వేరు.

"మీదే పెట్టిద్దాం బావగారూ. మాది ఓ పక్కన పడుంటుంది," అన్నారు పట్టాభి చిన్నబోయిన ముఖంతో.

"గట్లెట్ల బావగారు. పిల్లనిచ్చినోళ్లం, మాదే పక్కకు పెట్టుండ్రి," అన్నారు బిక్షమయ్య. ఆ గొంతులో పక్కకి జరిగే ఉద్దేశమేమీ లేదు.

తన పెళ్లిలో రెండు వైపుల సారె పళ్లేలూ ఒకే ఎత్తులో పెట్టించిన అనుభవం ప్రసన్నకుమార్‌ది. "రెండూ పెట్టేస్తాను," అన్నాడు.

"పుట్టింటి చీర మీద అత్తింటి చీర కట్టుకుంటామా?" అంది తన్మయి. ఎవరూ వినలేదు.

తెర వెలిగింది. పెళ్లికొడుకు ముఖం ఆకుపచ్చగా మారింది. తర్వాత అంతా నలుపు. మళ్లీ వేస్తే కంప్యూటరే టప్పున ఆగిపోయింది. ప్రసన్నకుమార్ మెకానిక్ యోగేందర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఒక్కదాంట్ల రెండు కంపెనీలయి ఎవరు పెట్టమన్నరన్నా? ఒకదాని సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్తోని కొట్లాడ్తది. కరెంటు గూడ సాలదు. ఏదో ఒకటి తీసెయ్."

ప్రసన్నకుమార్ ఫోన్ పెట్టేశాడు.

"మాది ఒక్కటే ఉంటే ఈపాటికి పని అయిపోయేది," అన్నారు పట్టాభి గోడకేసి చూస్తూ.

"ముందుగాల పెట్టింది మీది. గదే అంత కరాబ్ చేసింది," అన్నారు బిక్షమయ్య కిటికీకేసి చూస్తూ.

మాట పెరిగి, పెళ్లినాటి పప్పుచారులో ఉప్పు దాకా వెళ్లింది. తన్మయి ఇద్దరికీ అన్నం వడ్డించి కూర్చోబెట్టింది.

చెయ్యి కడుక్కునే వంకతో పట్టాభి కొడుకుని పక్కకి పిలిచారు. "మాది తీసెయ్యరా. ఆయన ఆశగా తెచ్చాడు. చెప్పకు."

కాసేపటికి బిక్షమయ్య కూడా వచ్చారు. "అల్లుడూ, మాది తీసెయ్. మీ నాయిన పరేషాన్ అయితుండు. చెప్పకు."

ఎవరి మాటా కాదనలేని ప్రసన్నకుమార్ రెండూ తీసేశాడు. తన్మయి ఏమీ అడగకుండా తెర వైరుని కార్డులు రాకముందున్న పాత చోటే గుచ్చింది. కంప్యూటర్ ఎప్పటిలాగే ఆగుతూ, ఆలోచిస్తూ, ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకునేసరికి వీడియో పూర్తిచేసింది.

రిసెప్షన్‌లో ఆ వీడియో చూస్తూ సింధూర తల్లి కళ్లు తుడుచుకుంది. పక్కనున్నావిడ తన్మయి నంబరు అడిగింది.

"మీ కార్డు మస్తు పని చేసింది బావగారు," అన్నారు బిక్షమయ్య.

"మాదేముందండీ, అంతా మీ కార్డు చలవే," అన్నారు పట్టాభి.

ప్రసన్నకుమార్ ఐస్‌క్రీమ్ తింటూ ఉండిపోయాడు. రెండు కార్డులూ బీరువాలో, పట్టుచీరల కింద, ఒకే ఎత్తులో ఉన్నాయి.