వాల్వులు వేడెక్కనివ్వండి

సంగీతానికి అసలు శత్రువు ఎవరో తెలుసా? సంగీతం వినేవాడు!

నవ్వకండి. వినేకొద్దీ రికార్డు అరుగుతుంది. ముల్లు మొండిబారుతుంది. చెవి అలవాటు పడి బద్ధకిస్తుంది. పాటను నిజంగా ప్రేమించినవాడు దాన్ని వినడు. వినడానికి తగిన పెట్టె కోసం వెతుకుతాడు. ఆ వెతుకులాట ఎంత సాగితే రికార్డుకు అంత ఆయుష్షు!

ఆస్ట్రేలియాలోని మా బాలరాట్ ఊళ్లో ఈ సత్యాన్ని గ్రహించిన మహానుభావుడు సెల్విన్ ట్రెథివీ. రిటైరైన సర్వేయరు. ఇంట్లో రెండు గోడల నిండా రికార్డులు, నడుమ ఖరీదైన రికార్డు ప్లేయరు. లేనిదల్లా ఒక్కటే. ముల్లు గీకి తీసే సన్నటి ధ్వనిని కాస్త పెంచి ఆంప్లిఫయరుకు అందించే చిన్న పెట్టె. దాన్ని ప్రీయాంప్ అంటారు. చిప్పులతో చేసినదయితే ఆంప్లిఫయరులోనే ఇమిడి ఉంది, కానీ అది మామూలు సామాను. పాత రేడియోల్లోలాగా ఎర్రగా వెలిగే గాజు వాల్వులుంటే, తపస్సు!

సెల్విన్ తొమ్మిదేళ్లుగా ఆ తపస్సులో ఉన్నాడు. తొందరేముంది? పెళ్లాన్ని ఎంచుకోవడానికి ఆయనకు ఒక్క డాన్సు సాయంత్రం సరిపోయింది. పెళ్లాం విషయంలో పొరపాటు జరిగితే సర్దుకుపోవచ్చు. వాల్వు విషయంలో జరిగితే ఎలా సర్దుకుంటారు?

పైగా ఈ తపస్సు వల్ల ఇంటికి ఎంత మేలు జరిగిందో చూడండి. ముందు సోఫా పోయింది. మెత్తలు ధ్వనిని తాగేస్తాయట. గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ మిగిలింది. ఎవరెక్కడ కూర్చోవాలన్న తగువు మొగుడూ పెళ్లాల మధ్య ఇక రమ్మన్నా రాదు. తర్వాత పిల్లిని పక్కింటివాళ్లకు ఇచ్చేశారు. దాని బొచ్చు పైస్థాయి స్వరాలను మింగేస్తోందని కెల్విన్ కనిపెట్టాడు. కెల్విన్ మా ఆదివారం శ్రవణ మండలిలో సభ్యుడు, పళ్ల డాక్టరు. బతుకంతా డ్రిల్లు చప్పుడు విన్న మనిషి. కీచు స్వరాల గురించి ఆయన మాటకు తిరుగుందా?

మా మండలిలోనే ఉన్న లోరిమర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. వంటింట్లో ఫ్రిజ్ కరెంటును మురికి చేస్తోందని తేల్చాడు. అందుకని ఆదివారాలు ఫ్రిజ్ ఆపేస్తాం. ఐస్‌క్రీం కరిగిపోతుంది, నిజమే. కరిగిందయితే పళ్లకు జివ్వుమనదని కెల్విన్ ఊరడించాడు.

ఇన్ని సుఖాల మధ్య సెల్విన్ భార్య గ్లెనిస్‌కు మాత్రం ఒక కోరిక మిగిలిపోయింది. ఆవిడ పెళ్లికి ముందు ఊరి ఆడవాళ్ల పాటల బృందంలో పాడేది. ఆ బృందం తన మొత్తం చరిత్రలో ఒకే ఒక్క రికార్డు చేసింది. అందులో ఒక పాట గ్లెనిస్ ఒక్కతే పాడింది. తన దగ్గరున్నది ఏ ఇల్లు మారినప్పుడో పోయింది. కొన్నేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్ దుకాణంలో పాత గిన్నెల అడుగున మళ్లీ కనబడితే, గుండెలకు హత్తుకుని ఇంటికి తెచ్చుకుంది.

“సెల్, పెట్టు పెట్టు! నువ్వు ఒక్కసారి కూడా వినలేదు!”

“పిచ్చిదానా, ఈ డొక్కు చిప్పులతోనా? నీ గొంతుకు అవమానం కాదూ? మంచి వాల్వుల పెట్టె రానీ. అందులో మొదట మోగేది నీ పాటే. మాటిస్తున్నా.”

చూశారా! భార్య గొంతు మీద ఇంత గౌరవం ఉన్న మగాడు విక్టోరియా రాష్ట్రం మొత్తంలో ఇంకొకడుంటే చూపించండి. ఆ గౌరవం కొద్దీ ఇప్పటిదాకా ఆ పాట వినలేదు. ఈసారి నలభయ్యో పెళ్లిరోజు ఆదివారం పడింది. ఆవేళ పెట్టె తేల్చేసి తీరతానని ఒట్టు పెట్టాడు. గ్లెనిస్ జుట్టు కూడా సెట్ చేయించుకుంది.

ఆ ఆదివారం మండలి యావత్తూ హాజరైంది. పోటీలో మూడు పెట్టెలు. ఒకటి జర్మనీది, ఒకటి జపాన్‌ది, మూడోది బెండిగో ఊళ్లో ఒకాయన షెడ్డులో కూర్చుని చేసింది. మూడింటినీ సెల్విన్ శుక్రవారమే ఒకే మీటకు కట్టి ఉంచాడు. మీట తిప్పితే పెట్టె మారుతుంది. కర్టెన్లు మూశాం. చీకట్లో వాల్వుల వెలుగు కనబడకపోతే ధ్వనిలో వెచ్చదనం ఎలా తెలుస్తుంది? బయట మంచు పేరుకుని ఉంది. ఫ్యాను రొద అని హీటరు ఆపేశాం. వాల్వులు వేడెక్కేదాకా మేం ఉన్ని టోపీలతో వణుకుతూ, నోరు మూసుకుని నిలబడ్డాం.

ప్లేయరు మీద అప్పటికే ఏదో రికార్డు ఉంది.

“ఏమిటిది?” అన్నాడు లోరిమర్.

“ఉండనీరా. తెలియని పాటయితే పక్షపాతం ఉండదు,” అన్నాడు సెల్విన్.

ముల్లు దిగింది. ఎవరో వయసులో ఉన్న అమ్మాయి ఒంటరిగా పాడుతోంది. ఒక్కొక్కరం వంతులవారీగా కుర్చీ ఎక్కాం.

“జర్మనీది,” అన్నాడు కెల్విన్. “గొంతులో ఎముకుంది, రక్తం లేదు.”

“జపాన్‌ది పెట్టగానే అమ్మాయి రెండు మీటర్లు వెనక్కి పోయిందిరా! ఎవరో కసిరినట్టు!” అన్నాడు లోరిమర్.

బెండిగో పెట్టె దగ్గర సెల్విన్ కుర్చీలోంచి సగం లేచాడు.

“అబ్బ! ఇదిరా అబ్బాయిలూ! పిల్ల ఈ గదిలోనే ఉంది! కాస్త ఎడమకి... అదిగో, తలుపు దగ్గర!”

తలుపు దగ్గర, కాస్త ఎడమకి, గ్లెనిస్ ఉంది. చేతిలో ట్రే, ట్రేలో మాంసం కూరి కాల్చిన వేడివేడి పైలు.

“సాస్ ఎవరికైనా కావాలా?”

“ష్! పాట మధ్యలో ఏమిటి గ్లెన్!”

ఓటింగు జరిగింది. ఏకగ్రీవంగా బెండిగో! సెల్విన్ కళ్లు చెమర్చాయి. “గ్లెన్, తేలిపోయింది! నీ రికార్డు పట్రా! పెడదాం!”

“ఇందాకణ్ణుంచి తిరుగుతున్నది అదే, సెల్.”

సెల్విన్ ప్లేయరు మీదికి వంగి రికార్డు మీది పేరు చదివాడు.

“నిన్న నువ్వు జీలాంగ్ వెళ్లావుగా. ఉండబట్టలేక పెట్టుకున్నా. నీ మీటలూ గీటలూ నాకేం తెలుస్తాయి? ప్లేయరు వైరు పీకి తిన్నగా ఆంప్లిఫయరుకు గుచ్చేశా. పెళ్లయిన కొత్తలో అలాగే గుచ్చేవాళ్లం కదా. తిరిగి మార్చడం మర్చిపోయా. ఆ మూడు పెట్టెలూ ఊరికే వెలుగుతున్నాయి.”

లోరిమర్ టార్చి పట్టుకుని ప్లేయరు పెట్టిన బీరువా వెనక్కి దూరాడు. నిజమే.

మామూలు మనుషులయితే సిగ్గుతో చచ్చేవారు. మేం మామూలు మనుషులమా?

“అంటే,” అన్నాడు కెల్విన్ నెమ్మదిగా, “వైరు తగలకుండానే బెండిగో పెట్టె ఇంత పని చేసిందంటే, తగిలిస్తే ఎలా ఉంటుందంటారు?”

“అద్దీ!” అన్నాడు బీరువా వెనకనుంచి లోరిమర్.

గ్లెనిస్ మొగుడి వంకే చూస్తోంది. “పెట్టెల సంగతి సరే. పాట ఎలా ఉంది సెల్?”

సెల్విన్ మీటను ఒకసారి తిప్పి చూశాడు. అబద్ధం ఆడే మనిషి కాదు.

“అది లెక్కలోకి రాదు గ్లెన్. అలా తిన్నగా గుచ్చి వినడం కూడా ఒక వినడమేనా? అంతా మొదటినుంచి చేద్దాం. అబ్బాయిలూ, వాల్వులు వేడెక్కనివ్వండి!”

రికార్డు తీశాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఇంకా అరగకుండా కవర్లో పెట్టి, పై అరలో దాచేశాడు. గ్లెనిస్ ట్రేని ఆ ఒక్క కుర్చీలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫ్రిజ్ స్విచ్చి వేసిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత గిన్నెల మోత. ఆ మోతలోంచి పాట.

అదే పాట. అమ్మాయి గొంతు కాదు. అంచులు అరిగిన గొంతు, ఇందాక ఊపిరి తీసుకోని చోట ఇప్పుడు ఆగి తీసుకుంటోంది.

“ఇళ్లల్లో ఇదే గొడవ,” అన్నాడు కెల్విన్, టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

కాబట్టి పాఠకులారా, నేను చెప్పొచ్చేదేమిటంటే, పెట్టె ఎంపిక ఎన్నటికీ తేలకూడదు. తేలితే వినాలి. వింటే పాడిందెవరో తెలిసిపోతుంది. తెలిశాక వెళ్లి ఆ మనిషితో ఏదో ఒక మాట అనాలి. ఈ వయసులో మగవాళ్లకు అంత కష్టం ఎందుకు?

ఈ సిద్ధాంతాన్ని ఇంకా గట్టిగా నిరూపించేవాణ్ణే. ఈలోగా నా వంతు మాంసం పైలోకి సాస్ తక్కువైంది. అడగడానికి వంటింట్లోకి వెళ్లాను. సాస్ ట్రేలోనే ఉందని నాకూ తెలుసు, గ్లెనిస్‌కూ తెలుసు. నన్ను చూసి పాట ఆపబోయింది.

“ఆపకు గ్లెనిస్,” అన్నాను.

రెండో చరణం ఎత్తుకుంది. అప్పుడే చీకటి గదిలోంచి సెల్విన్ కేక వేశాడు. “ఎవరయ్యా అక్కడ? ఆ తలుపు వేయండి! ఇక్కడ మేం పాట వినాలి!”

వేశాను. వంటింటి వైపు నుంచి.