వెనక గేటుకు కట్టిన సైకిల్

ఫ్యాక్టరీలో సామాన్ల స్టోరు చూసే స్టోర్‌బాబు ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. బావగారి సైకిల్ మీద ఫ్యాక్టరీకి వెళ్ళాలి, సాయంత్రం అటునుంచి అటే వెళ్ళి దాన్ని ఆయనకు అప్పగించాలి. అక్క భర్త ఊరెళుతూ వారంపాటు వాడుకోమని ఇచ్చాడు. రెండు వేళ్ళతో ఎత్తితే లేస్తుంది. ధర వింటే మాత్రం లేచినవాడు కూర్చుంటాడు. "దీనికేమన్నా అయితే మీ అక్కతో చెప్పుకో, నాతో కాదు" అని బావ నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి స్టోర్‌బాబు వారమంతా సైకిల్‌ను మంచం పక్కనే పెట్టుకుని కాపలా కాశాడు.

అతను సంచిలోంచి తీసిన కొత్త గొలుసును, తాళాన్ని చూసి భార్య నోరెళ్ళబెట్టింది. "సైకిల్‌కా, ఏనుక్కా?"

"నీకేం తెలుసు, బయట దొంగలు ఎలా ఉన్నారో!"

"ఈ గొలుసు మోసుకెళ్ళే దొంగైతే నడుం విరిగి అక్కడే పడుంటాడు లెండి."

ఫ్యాక్టరీ ముందు సైకిళ్ళ షెడ్డుంది. అక్కడ పదిమంది కళ్ళూ పడతాయని, అందరికన్నా ముందే వచ్చి, ఏనాడూ తెరవగా చూడని వెనక గేటుకు దాన్ని కట్టేశాడు. గొలుసును రెండు చక్రాల్లోంచి, ఫ్రేములోంచి, గేటు గడియలోంచి బిగుతుగా తిప్పి తాళం వేసి, తాళంచెవి లోపలి జేబులో దాచాడు.

సరిగ్గా ఆ రోజే పైపుల కోసం ఫ్యాక్టరీ ముందున్న రోడ్డు తవ్వేశారు. సరుకు ఎక్కించుకున్న లారీ బయటికి వెళ్ళడానికి వెనక గేటు దగ్గరికొచ్చి ఆగింది. మేనేజరు అరుపు స్టోరు దాకా వినిపించింది.

"ఎవడిదయ్యా ఈ సైకిల్? వాడికి ఇవాళ్టితో ఉద్యోగం సరి!"

స్టోర్‌బాబు తాళం తీద్దామనే పరుగెత్తుకొచ్చాడు. నోరు మాత్రం తన మాట వినకుండా అందరికన్నా గట్టిగా అంది: "ఎవడో బుద్ధిలేనివాడు సార్!"

ఇక ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. జేబులో తాళంచెవి నిప్పుకణికలా ఉంది. లారీ డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా అతను జేబు తడుముకుంటున్నాడు.

వాచ్‌మన్ సైకిల్ చుట్టూ తిరిగాడు. "ఇంత ఖరీదైంది మనవాళ్ళదెలా అవుతుంది సార్? దొంగెవడో ఎత్తుకొచ్చి ఇక్కడ దాచుంటాడు."

"అయితే పోలీసులకు చెప్పండి. ముందు ఆ గొలుసు కోయించండి" అన్నాడు మేనేజరు.

పోలీసులనగానే స్టోర్‌బాబు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఫిట్టరు రంపం పట్టుకుని కూర్చున్నాడు. ఒక బ్లేడు విరిగింది. ఇంకోటీ విరిగింది. ఫిట్టరు చెమట తుడుచుకుని లేచాడు.

"ఇది తెగదు సార్. సైకిల్ ఫ్రేమైతే వెన్నముద్దే, ఇట్టే కోసేస్తా. గొలుసు వదులై గడియ జరుగుతుంది."

"కొయ్యి."

రంపం పళ్ళు ఫ్రేముకు ఆనాయి. స్టోర్‌బాబు కళ్ళముందు బావ నవ్వు మెదిలింది.

"ఆగు! అది మా బావగారిది!"

అందరూ తిరిగి చూశారు. మేనేజరు నెమ్మదిగా అడిగాడు: "ఇందాక ఎవడో బుద్ధిలేనివాడన్నావు?"

"నేనే సార్ ఆ బుద్ధిలేనివాణ్ణి."

కంగారులో తాళంచెవి మూడుసార్లు చేతిలోంచి జారింది. చివరికి గొలుసు ఊడింది, లారీ కదిలింది. స్టోర్‌బాబు తల వంచుకుని శిక్ష కోసం నిలబడ్డాడు. మేనేజరు మాత్రం తాళాన్ని చేతిలో ఆడిస్తూ, విరిగిన బ్లేడ్లకేసి చూశాడు.

"భలే తాళమయ్యా! ఇవాళ్టినుంచి ఇది స్టోరు తలుపుకి. నీ తప్పుకి అదే జరిమానా."

సాయంత్రం, ఉద్యోగం నిలిచిన ఆనందంతో అతను దారిలో ఎక్కడా కాలు కింద పెట్టకుండా తొక్కి, సైకిల్‌ను బావ చేతుల్లో పెట్టాడు. బావ వంగి చూశాడు, తడిమి చూశాడు.

"ఒక్క గీత లేదే! నీ అంత జాగ్రత్తగా నేనే చూసుకోలేను బావమరిదీ. రేపు మళ్ళీ ఊరెళ్తున్నా, ఇంకో నెల నీ దగ్గరే ఉంచు."

ఇప్పుడు తాళం లేని ఆ సైకిల్‌ను స్టోర్‌బాబు రెండు చేతులతో వాటేసుకుని ఇంటిదారి పట్టాడు. ఆ తాళం వెనక, ఫ్యాక్టరీ స్టోరులో తుప్పుపట్టిన బోల్టులకు మాత్రం ఇక ఏ భయమూ లేదు.